శంకుదేవుడి ముందు నా బుట్ట

నిదానంగా రాశాను, ఒత్తులు తప్పినచోట మీరే దిద్దుకుని చదవండి. జుట్టు నెరిశాక రాత్రిబడిలో పలక పట్టిన చెయ్యి ఇది, కొడవలి పట్టినంత ధీమాగా ఇంకా నడవదు.

దారికి అడ్డంగా వెదురుకర్ర పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇటుకల పండుగ. చైత్రంలో మా కొండల్లో ఇంటింటి విత్తుల బుట్ట ఊరి దేవుడు శంకుదేవుడి ముందు పెట్టి మొక్కుతాం. ఆ రోజుల్లో మగవాళ్ళు వేటకు పోతారు, ఆడవాళ్ళం దారి కాసి సుంకం అడుగుతాం, ఉత్తచేతులతో వచ్చినవాడి మీద పేడనీళ్ళు కుమ్మరిస్తాం. కర్ర రెండో కొన ఎవరు పట్టుకున్నారో కనబడదు, అటంతా మంచు. దారి కాసేపు దారిలా, కాసేపు మా పొయ్యి ముందరి నేలలా, కాసేపు మోకాలి లోతు గెడ్డలా ఉంటుంది, అయినా నా కాళ్ళు తడవవు. ఆ గెడ్డలోంచి బిస్సు నడిచి వస్తాడు, నా పెనిమిటి, నిరుడు విత్తులు వేయకముందే జ్వరంతో పోయినవాడు, భుజాన విల్లు వేలాడేసుకుని.

"దారి ఇడవే. ఆకలేస్తంది."

"ఏటి తెచ్చినావు?"

ఖాళీ చేతులు చాపుతాడు. "సచ్చినోడికి ఏట ఎక్కడ దొరుకుద్ది?"

"మరి ఈడే నిలబడు. నీ తమ్ముడు లక్కు నా సామలు తన బుట్టలో కలిపీమంటన్నాడు. శంకుదేవుడి కాడ ఎవులి బుట్ట పెడితే సేను ఆలదే కదా! నా తరవాత సేను దానిదేనని ఒక్క మాట అని పోతే నీ సొమ్మేటి పోనాది?"

"పోతానని నాకు తెలుసేటి?" అని బుర్ర గోక్కుంటాడు, విల్లు చూస్తుండగానే చేపాటి కర్ర అవుతుంది, మళ్ళీ విల్లవుతుంది. "మొగోడు లేని ఇంటి బుట్ట పెడితే వాన రాదంటారే. ఇచ్చీ. ఆడు నీకు తిండి పెడతాడు."

"నువ్వు పోయినంక ఇత్తులేసింది నానే. ఆన నన్నడిగి ఆగనేదు. నా సేను ఇచ్చీసి నా గంజికి ఆడి గుమ్మంలో కూకోవాలా?"

"మొండిదానివే!"

"ఉత్తసేతుల్తో వచ్చి పెత్తనం ఒకటి!"

కుండెత్తి నెత్తి మీద కుమ్మరిస్తాను. గడ్డం మీంచి పేడనీళ్ళు కారుతుంటే బిస్సు నవ్వుతాడు, పెళ్ళయిన ఏడు నవ్వినట్టే, నాకు ఏడుపొస్తుంది కానీ కర్ర దించను.

"లక్కుగాడు ఊరుకోడు" అంటాడు.

"ఊరుకోకపోతే ఇంకో కుండుంది."

"అయితే బేగి ఎల్లు, డప్పు మోగుతంది" అని ఆకలి సంగతే మరిచిపోయి, కర్ర కింద నుంచి దూడలా వంగి దూరి, మా పొయ్యి పక్కనుంచే మంచులోకి వెళ్ళిపోతాడు.

డప్పు నిజంగానే మోగుతోంది. కళ్ళు తెరిచాను. పొద్దెక్కింది, అలుకు ఆరేదాకా గోడకు చేరగిలబడి కునుకు తీశాను కాబోలు, అడ్డాకు కప్పిన సామల బుట్ట నా ఒళ్ళోనే ఉంది. గుమ్మంలో లక్కు చెయ్యి చాపి నిలబడ్డాడు.

"ఒదినా, బుట్ట ఇయ్యి."

అలకగా మిగిలిన పేడనీళ్ళ బకెట్టు చల్లగా నా చేతికి తగిలింది.

కొర్రా దొయిమతి, అరవై రెండేళ్ళు. ఇప్పుడు ఉండేది నా సామల చేను గట్టు మీద, నేను వేసుకున్న గుడిసెలో.