చలికి ఆగలేని రాజముద్ర

పొద్దున్నే లేవగానే అసెనత్ చేసే మొదటి పని పొయ్యి రాజెయ్యడం. రెండోది, రాజుగారి ముద్రను చీపురుతో బయటికి తోలడం. న్యూ హాంప్‌షైర్ అడవుల్లో ఉన్న మా కెల్లం ఊళ్ళో చలికాలం వస్తే ప్రతి ఇల్లాలికీ ఈ రెండు పనులూ తప్పవు.

పన్నెండు అంగుళాలు మించి లావెక్కిన ప్రతి తెల్ల పైన్ చెట్టూ లండన్‌లోని రాజుగారిదేనని చట్టం. ఆయన ఓడల తెరచాపలకు స్తంభాలు కావాలట. రాజుగారి మనుషులు వచ్చి గొడ్డలితో మూడు దెబ్బలేసి, కోడి అడుగులాంటి గుర్తు పెట్టి పోతారు. మంచు పడగానే ఆ గుర్తులు చలికి ఆగలేక చెట్లు దిగి ఇళ్ళలోకి వస్తాయి. ఒకరింట్లో వెన్న కుండ మీద, ఒకరింట్లో పసివాడి దుప్పటి మీద. ఎండెక్కాక తోలితే బుద్ధిగా దేని చెట్టుకి అది పోతుంది. ఒక ఆదివారం ఒకటి పాస్టరుగారి బట్టతల మీద కూర్చుంది. ఆయన ప్రసంగం ఆపలేదు, వినేవాళ్ళు కునికిపాట్లు ఆపలేదు.

అసెనత్ మొగుడు జోతంకి డెబ్బై ఏళ్ళు. రంపం మిల్లులో వంగీ వంగీ నడుము కొడవలిలా తిరిగిపోయింది. మా వైపు మనిషన్నవాడు తన శవపేటిక పలకలు తానే కోసి అటక మీద ఆరబెట్టుకుంటాడు. పచ్చి చెక్కలో పడుకోవడం సోమరిపోతు లక్షణం. జోతంకి పేటిక మూత అతుకు లేకుండా ఒకే పలకతో రావాలని కోరిక. అతుకుంటే చలిగాలి దూరుతుందని బెంగ. అందుకే ఇంటి వెనక పైన్ చెట్టుని ముప్పై ఏళ్ళుగా కనిపెట్టుకుని ఉన్నాడు.

"చచ్చినవాడికి చలేమిటయ్యా?" అని అసెనత్ ముప్పై ఏళ్ళుగా అడుగుతూనే ఉంది.

ఆ ఏడు ఆకురాలే కాలంలో అడవుల అధికారి వెండోవర్ దొర వచ్చి సరిగ్గా ఆ చెట్టుకే గుర్తు పెట్టాడు. జోతం వారం రోజులు తిండి మానేశాడు. ఎనిమిదో రోజు మిట్టమధ్యాహ్నం చెట్టు కొట్టేశాడు. ఊరంతా ఎడ్లను తోలుకొచ్చి దుంగను మిల్లుకు చేర్చారు, మూత పలక అటకెక్కింది. తర్వాత అడిగితే చూసినవాడు ఒక్కడూ లేడు.

చిక్కంతా ఆ చెట్టు మీది గుర్తుతో వచ్చింది. అసెనత్ తోలితే మంచులో మొద్దు దాకా వెళ్ళి, ఎక్కడానికి చెట్టు లేక, మళ్ళీ గుమ్మంలోకే వచ్చేది. రెండు రోజులు చూసి ఆమె చీపురు మూల పెట్టేసింది. పోనీలే, దిక్కులేనిది అనుకుంది. అది పొయ్యి పక్కన పిల్లిలా స్థిరపడింది.

నెల తిరక్కుండా వెండోవర్ దొర షరీఫుని వెంటేసుకొచ్చాడు. ఆ షరీఫు సిమియన్ అసెనత్ అక్క కొడుకే. జోతంని ఎండాకాలం దాకా పోర్ట్స్‌మత్ జైల్లో పెడతారని తలొంచుకుని చెప్పాడు. కిందటేడు ఆ జైలుకెళ్ళిన పాతికేళ్ళ కుర్రాడే దగ్గుతో తిరిగొచ్చి వసంతం చూడలేదు. ఈ ముసలాడు పోతే ఇక రాడని అసెనత్‌కి తెలుసు.

"లే బాబాయ్," అని సిమియన్ జోతం భుజం పట్టుకున్నాడు.

తెరిచిన తలుపులోంచి ఈడ్చి కొట్టిన చలిగాలికి గుర్తు ఉలిక్కిపడి, గబగబా జోతం కోటు మీదికి పాకింది. దొర కోటు విప్పమన్నాడు. అది చొక్కా మీదికి దిగింది. చొక్కా విప్పమన్నాడు. వీపు మీద, వంగిన నడుము దగ్గర, వెచ్చగా ముడుచుకుని కూర్చుంది.

"దొరగారూ, ముద్ర ఉన్నదాన్ని మాలాంటివాళ్ళు కదిలించొచ్చా?" అంది అసెనత్.

వెండోవర్ దొరకి చట్టం కంఠతా వచ్చు. చెప్పే అవకాశం వస్తే వదలడు. "రాజుగారి అనుమతి లేనిదే కదిలించరాదు, కోయరాదు, చెయ్యి వెయ్యరాదు," అని గడగడా అప్పజెప్పి, ఆఖరి మాట దగ్గర నోరు తెరుచుకునే ఉండిపోయాడు.

సిమియన్ కాలినట్టు చెయ్యి తీసేశాడు. "అనుమతి ఎవరిస్తారు దొరా?"

"లండన్‌కి రాయాలి."

"రాయండి. ఈలోపు చిక్కుడు గింజలు ఉడికాయి, తినిపోండి," అని అసెనత్ పళ్ళేలు వేసింది.

కెల్లంలో ముద్ర పడిన సరుకు ఒకటి ఉందనీ, పొడవు అయిదున్నర అడుగులనీ, ఏం చెయ్యమంటారనీ దొర రాశాడు. ఉత్తరం సముద్రం దాటింది. అక్కడ ఏ బల్ల మీద నిద్రపోయిందో ఎవరికీ తెలియదు. ఇక్కడ బోస్టన్ రేవులో టీ ఆకు నీళ్ళపాలైంది, రాజుగారి సైన్యం మీద తుపాకులు పేలాయి, వెండోవర్ దొర దొరికిన ఓడెక్కి పోయాడు. జవాబు మూడో ఏడు వచ్చింది. అప్పటికి సిమియన్ మా ఊరి దండులో చేరాడు. అతనే చదివి వినిపించాడు: స్తంభం నిటారుగా ఉంటే వెంటనే ఓడకెక్కించవలెను.

అసెనత్ మొగుడి నడుము కేసి చూసింది. "నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, ఒక్కరోజూ నిటారుగా లేడు. అలాగే రాసెయ్యి నాయనా."

జోతం ఇంకో ఆరేళ్ళు బతికాడు. రాజుగారి పాలన పోయాక మిగతా చెట్ల మీద గుర్తులు ఒక్కొక్కటే మానిపోయాయి, జోతం వీపు మీద ఇదొక్కటే మిగిలింది. ఒక జనవరిలో, బయట మోకాలి లోతు మంచు పడుతుండగా, జోతం సొంత మంచం మీద భార్య చెయ్యి పట్టుకుని పోయాడు. అటక మీంచి పలక దించారు. మూత అతుకు లేకుండా అమరింది.

చల్లబడిన వీపు మీంచి గుర్తు నేల మీదికి దిగింది. పొయ్యి భగభగ మండుతోంది, పక్కన దాని చోటు ఖాళీగానే ఉంది. అది అటు పోలేదు. తన చెట్టు చెక్కని పోల్చుకుని మూత ఎక్కి కూర్చుంది.

తోలమంటావా పిన్నీ అని సిమియన్ చీపురు అందుకోబోయాడు. అసెనత్ వద్దంది. తన భుజం మీది ఉన్ని శాలువా తీసి, గుర్తుతో సహా మూత నిండా కప్పి, అంచులు గాలి దూరకుండా లోపలికి మడిచింది.

"చలిగా ఉంటుందిరా," అంది.