తూకానికి తగిన జోడీ

టప్, టప్, టప్. కుక్కర్ ఆవిరి అణగగానే ఆ చప్పుడు వంటింట్లోకి వచ్చింది. తాడు నేలను తాకే చప్పుడు; కాళ్ళు అలసినా లయ తప్పని చప్పుడు. ఉదయశ్రీ కిటికీ రెక్క తోసి చూసింది. నాచారంలోని ఆ సందులో, ఎండ ఇంకా దిగని ఆదివారపు వేళ, పక్కింటి డాబా మీద ఒక పిల్ల ఉన్ని స్వెట్టరు తొడుక్కుని తాడుతో ఎగురుతోంది. మరొకరైతే పిచ్చిదనుకునేవారు. ఉదయశ్రీకి మాత్రం తెలుసు. రేపు పోటీకి ముందు తూకం. ఇంకా కాస్త బరువు చెమటగా కారిపోవాలి.

పదిహేనేళ్ళప్పుడు తనూ అలాగే ఎగిరింది. ఉప్పల్‌లో బాక్సింగ్ పోటీల రోజు ఉదయం, తూకం ముల్లు తన పోటీకి హద్దు అయిన నలభై ఎనిమిది కిలోలకు రవ్వంత అవతల నిలిచింది. పిల్ల నీరసపడుతుందని ముందురోజు అమ్మ బతిమాలి తినిపించిన పెరుగన్నం అది. మౌలాలి రైల్వే క్వార్టర్స్ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చే కోచ్ సారలమ్మ తిట్టలేదు. సంచిలోంచి స్వెట్టరు తీసి తొడిగింది. ఎగిరిస్తూ, గ్లాసులో ఉమ్మిస్తూ, మధ్యలో నవ్విస్తూ ఆ రవ్వంతా కరిగించింది. ఆ ఎండిన నోరు, ఆ నవ్వు, గ్లవ్స్ లోపలి తడి తోలు వాసన ఇప్పటికీ ఆమెలో ఎక్కడో పచ్చిగానే ఉన్నాయి.

"పిడికెడు పెరుగన్నానికి ఇంత శిక్షా మేడం? నేనెవరితోనైనా కొడతాను. ఈ కిలోల గీతలెందుకు?" అని ఆనాడు ఉక్రోషపడింది.

"నీకన్న ఇరవై కిలోలు ఎక్కువున్నదాని ముంగట నిలబెడితే ఏమైతది బిడ్డా? నీ ఆట ఎవ్వరికీ కనవడదు. మస్తు ఓర్సుకున్నది పిల్ల అని సప్పట్లు గొడ్తరు, గంతే. జోడు సరిగుంటెనే నీకేమొస్తదో తెలుస్తది."

ఆ మాట అర్థం కావడానికి పెళ్ళి కావలసి వచ్చింది. ఈ ఇంట్లో ఒకవైపు అత్తగారు కనకమహాలక్ష్మి, ఆయన, ఆయన ఆఫీసు, ఆయన నిద్ర, ఆయన తలనొప్పి. మరోవైపు, బడిలో రోజంతా పాఠాలు చెప్పి వచ్చిన తను ఒక్కతే. ఎవరూ తూచలేదు, ఎవరూ గీత గీయలేదు. "మా కోడలి ఓర్పు ఎవరికీ రాదమ్మా" అని అత్తగారు చుట్టాలతో అన్నప్పుడల్లా అవే చప్పట్లు వినిపించేవి. "మా ఆవిడిప్పుడు హెవీవెయిట్" అని ఆయన స్నేహితులను నవ్వించినప్పుడు కూడా ఆమె టీ కప్పులు అందిస్తూనే ఉంది.

మొన్న సారలమ్మ ఫోన్ చేసింది. "నా మోకాళ్ళు మాట ఇంటలెవ్వు. ఉప్పల్ల ఆడపిల్లల సాయంత్రం బ్యాచ్ నువ్వు జూస్కో. ఐతారం రాకుంటె ఇంకొకర్ని పెట్టుకుంట, ఏమనుకోకు."

ఉదయశ్రీ కిటికీ మూసి హాల్లోకి వచ్చింది. ఆయన టీవీలో అమ్మాయిల బాక్సింగ్ చూస్తున్నాడు.

"ఈ బరువుల గొడవేంటే అసలు? దమ్ముంటే ఎవరితోనైనా కొట్టాలిగా," అన్నాడు.

"సాయంత్రాలు ఉప్పల్ వెళ్తున్నానండీ. ఆడపిల్లలకు బాక్సింగ్ నేర్పడానికి. ఇవాళే మొదలు."

"నువ్వా? నీ బరువుకి రింగు ఆగుతుందంటావా?" ఆయన నవ్వాడు. "మరి అమ్మకి టిఫినెవరు చేస్తారు?"

"దానికదే మానుకుంటుందిలేరా," అన్నారు అత్తగారు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. "ఇన్ని ఓర్చుకున్న పిల్ల, ఇదొక్కటీ ఓర్చుకోలేదూ?"

"ఏవండీ" అనబోయి ఆగింది ఉదయశ్రీ. పెళ్ళైన కొత్తలో ఒకసారి పేరు పెట్టి పిలవబోతే, భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని అత్తగారు పెదవులకు వేలు అడ్డం పెట్టారు. అప్పటి నుంచి ఆయన ఆమెకు పేరు లేని మనిషి. రింగులో మాత్రం రిఫరీ ఇద్దరినీ పేర్లతోనే పిలుస్తాడు. చుట్టరికాలు, మర్యాదలు తాళ్ళకు అవతలే ఉండిపోతాయి.

ఆమె టీవీ కట్టేసింది. ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూస్తూ, తొందర లేకుండా అంది.

"ఇవాళ టిఫిన్ నువ్వు చెయ్యి, పవన్‌కుమార్."