గార్‌మోర్‌లో ఇద్దరు బ్రీజ్‌లు

అన్యాయం జరిగినది ఎవరికి? గార్‌మోర్ పిల్లలను ఇరవయ్యేళ్లు బడికి చేర్చిన బస్సు డ్రైవరు బ్రీజ్ కనీలీకి. ఎలా జరిగినది? ఆమెకు మూర్ఛరోగమున్నదని కౌంటీ ఆసుపత్రి లైసెన్సు కార్యాలయానికి తెలియజేసినది. ఆమె జన్మలో ఒక్కనాడూ సొమ్మసిల్లి పడలేదు. అయినా లైసెన్సు రద్దయినది. బస్సు యజమాని టైగ్ ఫ్లాహర్టీ బడి గేటు దగ్గర, పిల్లలూ తల్లులూ చూస్తుండగా, ఆమె చేతిలోంచి తాళంచెవి తీసుకున్నాడు.

ఆమె రెండుసార్లు ఆసుపత్రికి మొరపెట్టుకున్నది. రెండుసార్లూ దిద్దేశామన్నారు. ఒక విభాగంలో దిద్దిన తప్పును మరొక విభాగంలోని పాత నకలు వచ్చి మళ్లీ కప్పివేసేది. మూడోసారి ఆమె వచ్చేనాటికి రోగుల సమాచారాన్ని కాపాడే అధికారిణిగా నోరా మానియన్ ఉన్నది. ఆ పని కోసమే తెప్పించిన కొత్త సాఫ్ట్‌వేర్ కూడా ఉన్నది.

"ఈసారి ఏం చెప్పి పంపిస్తావమ్మాయ్?" అన్నది బ్రీజ్, కుర్చీలో కూలబడుతూ. "సెప్టెంబరులో బడి తెరిచేనాటికి లైసెన్సు రాకపోతే టైగ్ బస్సు అమ్మేస్తాడట."

నోరా తెర మీదినుంచి కళ్లు తిప్పలేదు. "ముందు కూర్చోండి, చూద్దాం."

"కూర్చునే ఉన్నాగా! నాకు కాదు, నీ కళ్లకి చేయించాలి పరీక్ష."

నోరా నవ్వు ఆపుకుని ఫిర్యాదును నమోదు చేసినది. బ్రీజ్ సమాచారం ఆసుపత్రిలో ఎక్కడెక్కడ నిలిచి ఉన్నదో, ఎక్కడినుంచి ఎక్కడికి పారుతున్నదో తెర మీద కాలువల్లా పరుచుకున్నది. వాటిలో ఒకటి నరాల వైద్య విభాగపు పాత జాబితా నుంచి బయలుదేరి తక్కిన అన్నింటిలోనూ కలుస్తున్నది. దిద్దిన ప్రతిసారీ తప్పు తిరిగి పుట్టుకొచ్చినది అక్కడినుంచే.

అంతలో సాఫ్ట్‌వేర్ ఒక సలహా చూపినది. పేరు ఒకటే, ఊరు ఒకటే, పుట్టినరోజు ఒకటే. ఈ రెండు రికార్డులూ ఒకే మనిషివి, కలిపేయమంటారా?

నోరా వేలు ఆగిపోయినది. ఆమె కూడా ఆ సముద్రతీరంలో పుట్టినదే. ఫిబ్రవరి ఒకటి సెయింట్ బ్రిజిడ్ పండుగ. ఆనాడు పుట్టిన ఆడపిల్లకు ఆ పేరే పెట్టి, బ్రీజ్ అని పిలుస్తారు. గార్‌మోర్‌లో ఇళ్లకు నంబర్లు లేవు. సగం ఊరికి ఇంటిపేరు కనీలీయే.

"మీరు ఎవరి బ్రీజ్?"

బ్రీజ్ ఆమెకేసి తేరిపార చూసినది. "ఈ ఆసుపత్రిలో ఆ మాట అడిగినదానివి నువ్వొక్కదానివే తల్లీ. నేను మార్టిన్ బ్రీజ్‌ని. పీటర్ కొడుకు మార్టిన్ మా నాన్న."

రెండో రికార్డులో తండ్రి పేరు వేరు. నోరా సలహాను తిరస్కరించి, ఇద్దరినీ వేరుచేసే పనిని ప్రతి విభాగానికీ పంపినది.

"అయితే ఆ జబ్బు…" అని బ్రీజ్ ఆగినది.

"అది నేను చెప్పకూడదండీ."

ఊళ్లో రెండో బ్రీజ్ ఎవరో మార్టిన్ బ్రీజ్‌కు తెలియనిది కాదు. తన ఇంటి గోడ అవతలి ఇల్లే. ఆమె లేచినది. "నేనేమీ అడగలేదు. నువ్వేమీ చెప్పలేదు."

అన్ని విభాగాలూ పని ముగించినట్టు ఒప్పుకోనిదే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఫిర్యాదు మూతపడదు. చిట్టచివరికి మిగిలిన నరాల డాక్టరు ఫోన్ చేశాడు. "నోరా, నీ మెషీను మా ఆవిడకన్నా ఎక్కువగా గుర్తుచేస్తోంది. చేసేశాను, వదిలిపెట్టు!" ఆ పాత నకలు పోయినది. ఆసుపత్రి లైసెన్సు కార్యాలయానికి నిజం తెలియజేయగా, ఆగస్టు ముగియకముందే లైసెన్సు వచ్చినది. ఎప్పుడూ పనిలో పడి చల్లారిపోయే టీని ఆ రోజు నోరా వేడిగానే తాగగలిగినది.

బడి తెరిచిన ఉదయం నోరా గార్‌మోర్‌కు వెళ్లి, గేటు దగ్గర తల్లులందరూ వినేటట్టు పలికినది. "పొరబడింది ఆసుపత్రి. మార్టిన్ బ్రీజ్ గారికి ఏ జబ్బూ లేదు, ఎన్నడూ లేదు. క్షమించమని అడగడానికే వచ్చాను."

టైగ్ తాళంచెవి పట్టుకుని దగ్గరకొచ్చాడు. "ఎవరి జబ్బునో నీకు అంటగట్టారన్నమాట. ఇంతకీ ఎవరిదే అది?"

"ఎవరిదైతే నీకెందుకు? ఆ టోపీ కింద ఏం లేదో నేనెవరికైనా చెప్పానా?"

తల్లులు ఘొల్లుమన్నారు. టైగ్ కూడా నవ్వి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అందరి వెనుక, మనవరాలి చెయ్యి పట్టుకుని నిలుచున్న రెండో బ్రీజ్ మాత్రం నవ్వలేదు. తల ఎత్తి చూసినది, అంతే. తర్వాత ముందుకు నడిచి, ఆ పిల్లను అందరికన్నా ముందు బస్సు ఎక్కించినది.

ఆనాడు టైగ్ ఏ చేతితో తీసుకున్నాడో ఆ చేతితోనే, ఆ గేటు దగ్గరే, తాళంచెవిని మార్టిన్ బ్రీజ్ అరచేతిలో పెట్టాడు.