పొద్దుటి పది నిమిషాలు

ఇరవై ఏళ్లుగా మిరపచేలో వంగి వంగి సోమ్లి నడుము అలాగే ఉండిపోయింది. దవాఖానాలో డాక్టరు మంచం దిగొద్దన్నాడు. మంచం మీదుంటే కూలికెవరు పోతారు? లేచి నిలబడలేని మనిషిని వచ్చే ఏడు ఎవరూ కాయ కోతకు పిలవరు. ఆ భయంతోనే ఆమె కూతురు మాట వింది.

కూతురు భాను కొత్తగూడెంలో డిగ్రీ చదివి, యోగా కోర్సు కూడా చేసింది. కోతల రోజుల్లో తల్లితో చేనుకొచ్చేది. మొదటిరోజు సద్దులు తిన్నాక తండా ఆడవాళ్లను గట్టు మీద కూర్చోబెట్టి, ఒక ముక్కు మూసి రెండో ముక్కుతో గాలి పీల్చమంది. పొద్దుటి నుంచి ఎర్రమిరప తెంపిన వేళ్లవి. సోమ్లి "ఓ యాడీ!" అని తల్లిని తలుచుకుంటూ బోరు దగ్గరికి పరుగెత్తింది. మిగతావాళ్లు వెనకాలే.

చేను బసవపున్నయ్యది. తాతల నాడు కోస్తా నుంచి అడవి అంచుకు వచ్చిన కుటుంబం. పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏంటే సోమ్లీ, మునులు చేసేది కూలోళ్లకు కుదురుద్దా?"

భాను తప్పు ఒప్పుకుంది. "మిరప ముట్టినంక గాలి పని వద్దు. పొద్దుగాల చేన్ల దిగకముందే చేద్దాం. పది నిమిషాలు."

మూడు వారాలకు సోమ్లి నడుము పూర్తిగా నిటారు కాలేదు గానీ, సాలు చివర లేవడానికి ఇంకొకరి చెయ్యి అడగడం మానేసింది. కంటికి నిద్ర వచ్చింది. కోపం పోలేదు, కాకపోతే ఆ కోపం ఇప్పుడు ఆమె చెప్పిన మాట వింటోంది.

చిక్కు ఆ పది నిమిషాల దగ్గరే వచ్చింది. మధ్యాహ్నపు విరామం ఆడవాళ్లది. పొద్దుటి పూట కూలి ఇచ్చే బసవపున్నయ్యది. ఒకరోజు ఆయన బండి దిగేసరికి అందరూ గట్టు మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు.

"పీనుగుల్లాగా పడుకున్నారేంటే?"

"అవ్ అయ్యా, శవాసనం," అంది సోమ్లి, కళ్లు తెరవకుండానే. "సచ్చినంక నేర్చుకుందమంటే కుదరదు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన భాను వైపు తిరిగాడు. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. మడి కట్టుకుని నిష్ఠగా చేసేదమ్మా అది. దుమ్ములో పొర్లుతా చేసేదా?"

"రుషులు బంగళాలల్ల కూసున్నరా అయ్యా?" అంది భాను. "ఎప్పటిదో ఎవలికీ తెల్వనంత పాతది. అడవిల కూసొని, పామెట్ల పడగెత్తుతదో, మిడతెట్ల తోక లేపుతదో, తాబేలెట్ల ముడుచుకుంటదో చూసి నేర్చుకున్నరు. పాములూ మిడతలూ మీకంటే మాకే దగ్గరి సుట్టాలు. ఒళ్లు, ఊపిరి, మనసు ఒక్కకాడికొస్తే అదే యోగం. అండ్ల మడి ఏడుంది?"

"రేపటి నుంచి ఈ వేషాలుంటే నా చేలోకి రావద్దు."

సోమ్లి లేచి కూర్చుంది. "సరే అయ్యా. అన్ని చేన్లల్ల కాయ పండి రాలుతుంది. మాకు చేను దొరకదా?"

మనుషులు దొరక్క ఆయన మధిర దాకా ఫోన్లు చేస్తున్న సంగతి అందరికీ తెలుసు. ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు కూలోళ్ల కోసం బసవపున్నయ్య పంపే ఆటో పది నిమిషాలు ముందే తండాకు వచ్చింది. ఆ పది నిమిషాలూ ఆడవాళ్ల నిద్రలోంచి కోసుకోవాలని ఆయన ఎత్తు. డ్రైవరు లాల్‌సింగ్ హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

"పోదాం పా యాడీ," అంది భాను. "పది నిమిషాలకు ఆయన ఒప్పుకున్నట్టే గదా?"

"ఏం ఒప్పుకున్నడే? నా నడుము ఆయన చేన్ల వంగింది. ఆయన టైంలనే లేవాలె."

సోమ్లి తీరిగ్గా పెనం మీద జొన్నరొట్టె తిప్పింది. తండాలో ఒక్క తలుపూ కదల్లేదు. ఎప్పటి వేళకే ఆటో ఎక్కారు.

చేను దగ్గర బసవపున్నయ్య చేతి గడియారం చూపిస్తూ నిలబడ్డాడు. ఆడవాళ్లు ఆయన ముందు నుంచే నడిచి, గట్టు మీద గోనెపట్టాలు పరిచి వరసగా కూర్చున్నారు.

"సోమ్లీ, లేస్తావా లేదా?"

సోమ్లి వెన్ను నిలబెట్టి, కళ్లు మూసుకుంది.

"గాలి తీస్కుంటున్నం అయ్యా. అయినంక వస్తం."