కాన్పుల వంతు

మా వార్డులో నర్సులం ఒకరి తర్వాత ఒకరమే కడుపుతో ఉండాలి. ఇద్దరు ఒకేసారి సెలవు పెడితే డ్యూటీలు చూసే దిక్కుండదని, ఉద్యోగంలో చేరిన వరసన వంతులు వేసుకున్నాం. ఇంకొక్కరి తర్వాత మనమేనని మా ఆయన్ని ఏళ్లుగా ఊరుకోబెట్టాను. తీరా నా వంతు వచ్చింది. సరిగ్గా అప్పుడే, నిన్న కాక మొన్న చేరిన పిల్ల మందుల బండి పక్కన తల వంచుకుని నిలబడి, "సారీ అక్కా, నాకు మూడో నెల" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చకుండా మా వదిన దగ్గరికి పోయాను. ఆవిడ లాయరు.

"ఆ పిల్ల మీద కేసు వెయ్యొచ్చా వదినా?"

సంగతంతా విని వదిన చేతిలో ఫైలు పక్కన పెట్టింది.

"పిల్లల్ని కనడానికి వంతులేంటి? ఎప్పుడు కనాలో ఆ అమ్మాయిష్టం. అది తన హక్కు."

"హక్కా? రాజ్యాంగంలో ఎక్కడ రాసుందో చూపించు."

"ఆ మాట ఎక్కడా రాసి లేదు. బతుకు, స్వేచ్ఛ అని రాశారు. ఇది అందులోదేనని కోర్టులే ఒప్పుకున్నాయి. సరే, మీ వంతులు ఎక్కడ రాసున్నాయి?"

ఆస్పత్రి రూల్సు నాకు కంఠతా వచ్చు. సెలవుల గురించి పేజీలకు పేజీలున్నాయి గానీ, వంతుల గురించి ఒక్క ముక్క లేదు.

"ఎక్కడా లేదు."

"మరి పెట్టిందెవరు?"

"మేమే."

వదిన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అయితే ఇన్నేళ్లూ నేనెందుకు ఆగాను వదినా?"