పనస తొట్టి, పన్నెండు శాతం

నేను ఒక తేమ మీటరును. ఆరు వందలకే దొరికే రకం. అరచేతిలో ఇమిడిపోతాను, నెత్తిన రెండు సూదులు. కర్రకు గుచ్చి మీట నొక్కితే అందులో తడి ఎంతో అంకెలో చెబుతాను. ఆ అంకె చూడగానే మనుషులకు ఎక్కడలేని ధైర్యం వస్తుంది. నాకు భయం వేసేది అప్పుడే.

నన్ను కొన్నవాడు అంబాజీపేట మోహనరంగా. రొయ్యల చెరువుల్లో ఉప్పు, ఆక్సిజను కొలిచే ఉద్యోగం. మీటరు చెప్పందే అన్నం ఉడికిందన్నా నమ్మడు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు అతనికి ఆడపిల్ల పుట్టింది. పుట్టకముందే ఉయ్యాల తొట్టి చేయిస్తే కీడని అతని తల్లి వరహాలమ్మ అంతవరకు కర్ర ముట్టుకోనివ్వలేదు. పుట్టాక ఇక హడావిడి చూడాలి! ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వెయ్యాలి. పెరట్లో పనసచెట్టు కొట్టించి, కోయించి, చెక్కలు మేడ మీద నాలుగు రోజులు ఎండబెట్టారు.

వడ్రంగి కామేశం చెక్కను వేళ్లతో తట్టి, తల అడ్డంగా ఊపాడు.

"లోపలంతా పచ్చేనండి బాబూ. పచ్చి కర్ర ఎండేకొద్దీ సన్నబడిపోద్ది. కర్రలో కర్ర దూర్చిన కుసులు వదిలేత్తాయండి. ఇప్పటికి చీర ఉయ్యాల కట్టుకోండి. ఎండాకాలం దాటాక తొట్టి నేనే చేత్తాను."

"తొమ్మిదేళ్లకి పుట్టిన పిల్లకి చీర ఉయ్యాలా?" వరహాలమ్మ గొంతు లేచింది.

మోహనరంగా నన్ను చెక్క మీద గుచ్చాడు. పన్నెండు అన్నాను.

"చూడండి కామేశంగారూ, పన్నెండే! పదిహేను లోపుంటే చాలంట."

"పైన కాదండి. చివర కోసి, ఆ కోత మీద గుచ్చండి ఓసారి."

"కోస్తే చెక్క పొట్టిదైపోదూ? మీ వేళ్లకి తెలిసింది మీటరుకి తెలీదంటారా?"

కామేశం రంపం తీసి, ఆ చెక్కలతోనే తొట్టి పని మొదలుపెట్టాడు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నేను పొంగిపోయాను. నా సూదులు బియ్యపుగింజంత. అవి తాకిన మేరకే నాకు తెలుసు. ఆ సంగతి నా డబ్బాలోని కాగితం మీద రాసే ఉంది. దాన్ని ఎవరూ చదవలేదు, ఇప్పుడది వంటింట్లో పంచదార సీసా కింద పరిచి ఉంది.

బారసాల ఘనంగా జరిగింది. నాలుగు గొలుసుల మీద తొట్టి వేలాడదీసి పాటలు పాడారు. కామేశం మాత్రం వంగి తొట్టి అడుగు తడిమి చూసి, భోజనానికి కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

ఎండాకాలం వచ్చింది. పిల్లకు ఐదో నెల. బొద్దుగా అయింది, బోర్లా పడుతోంది. నిశ్శబ్దంగా ఊగిన తొట్టి ఇప్పుడు ఊపు ఊపుకీ కిర్రుమంటోంది. గూట్లోంచి నేను వింటూనే ఉన్నాను.

"ఒరే, ఆ చప్పుడేంటో కామేశాన్ని పిలిచి చూపించరా," అంది వరహాలమ్మ ఇవాళ పొద్దున.

మోహనరంగా నన్ను తీసి తొట్టి పక్క చెక్కకు గుచ్చాడు. ఎనిమిది అన్నాను. ఏం చెయ్యను, ఉన్నదే చెప్పాలి.

"ఎనిమిదేనమ్మా! అప్పటికన్నా ఇంకా బాగా ఎండింది. అది గొలుసు చప్పుడు. కాస్త నూనె వేస్తే పోద్ది."

పిల్లను తొట్టిలో పడుకోబెట్టి, నన్ను కిటికీలో పెట్టాడు. ఇక్కడినుంచి తొట్టి అడుగు నాకు బాగా కనిపిస్తోంది. అడుగు పలకను మోసే కర్ర సన్నబడి, దాని కుసి కన్నంలోంచి వేలి మందాన బయటికి వచ్చేసింది. అయ్యో, ఒక్కసారి వంగి చూడవయ్యా!

అతను గొలుసుకు నూనె వేసి తొట్టి ఊపాడు. పిల్ల కేరింతలు కొడుతూ రెండు కాళ్లూ ఎత్తి, అడుగు పలక మీద గట్టిగా తన్నింది.