రెండుసార్లు తిరిగొచ్చిన గొంతు

పూర్ణా మార్కెట్లో ఎండుమిరపకాయలు అమ్మే నీలిమకి ఒక అలవాటుంది. సరుకు తిరిగొస్తే ఏడుస్తూ కూర్చోదు. తప్పు సరుకుదా, కొనేవాడిదా, అమ్మబోయిన చోటుదా అని తేల్చుకుంటుంది. తన గొంతు తిరిగొచ్చినప్పుడు మాత్రం ఆ లెక్క వేయడం మరిచిపోయింది.

కంచరపాలెంలో తాతబాబు ఆర్కెస్ట్రాకి గాయని కావాలని తెలిసి, దుకాణం తల్లికి అప్పగించి వెళ్లింది. ఒక చరణం పాడింది. తాతబాబు కళ్లు మూసుకుని విన్నాడు.

"గొంతు బంగారమే పిల్లా. కానీ చందమామని సందమామ అంటన్నావు. స్టేజీ మీద పరువు పోద్ది. నోరు సరిజేసుకుని రా."

ఆరు నెలలు ఆ పని మీదే ఉంది. స రాబోయిన ప్రతిచోటా నాలుకని ఆపి చ అంది. దుకాణంలో కూడా "చరుకు మంచిదండీ" అంటుంటే, పంటినొప్పేమో అనుకుని ఒకాయన లవంగనూనె పెట్టుకోమన్నాడు.

రెండోసారి వెళ్లి ధైర్యంగా "చముద్రం ఒడ్డున" అని ఎత్తుకుంది. డ్రమ్ములవాడు కర్రలు కింద పడేసి మరీ నవ్వాడు. తాతబాబు నవ్వలేదు, జాలిగా చూశాడు. నీలిమని ఆ చూపే ఎక్కువ కాల్చింది.

మార్కెట్లో ఆమెకి ఎదురుగా ఖయ్యూం గాజుల దుకాణం. ఆయన కూతురు ఉజ్మా కీబోర్డు బాగా వాయిస్తుంది.

"ఏటయిందక్కా?"

"ఏటవుద్ది. ఈపాలి స ఉన్నకాడ కూడా చ అనీసినాను."

ఉజ్మా నవ్వు ఆపుకోలేక గల్లాపెట్టె మీద తల పెట్టేసింది. చూసి చూసి నీలిమకీ నవ్వొచ్చింది. నవ్వులయ్యాక లెక్కలోకి దిగింది. గొంతు బంగారమని కొననివాడే ఒప్పుకున్నాడు, కాబట్టి సరుకులో లోపం లేదు. పాటలోని మాటలే తనవి కావు. ఎవరి కొలతకో కుట్టిన రవిక పట్టలేదని ఆరు నెలలుగా తన ఒంటినే తప్పుపడుతోంది.

"మన మాటల్తోనే పాట కడితేనో?"

"ఇన్నాళ్లకి బుద్దొచ్చింది నీకు. కట్టు, నాను వాయిత్తాను."

గాజుల డబ్బాల మధ్య ఫోన్ నిలబెట్టి రికార్డు చేశారు.

*సిన్నబావ ఏటకెల్లి సేతులూపి వచ్చినాడు*
*సేపలేవి బావా అంటే సంద్రమంతా సూపినాడు*

పాట ఫోన్ల మీదుగా హార్బర్‌కి, అక్కణ్ణుంచి ఉక్కు కార్మికుల క్యాంటీన్లకి పాకింది. మూడు నెలలకి తాతబాబు దుకాణం ముందు నిలబడ్డాడు.

"ఏటి బాబాయ్, మిరపకాయలేనా?"

"ఎటకారాలెందుకులే. గాజువాకలో కార్మికుల సభకి మన ప్రోగ్రాం. ఆ సేపల పాట పిల్ల ఉంటేనే రమ్మన్నారు."

"వత్తాను. నా పాట నా మాటల్లోనే పాడతాను. కీబోర్డు ఉజ్మాది."

"కీబోర్డుకి మావోడున్నాడు కదే."

"అయితే పాట కూడా మీవోడి సేతే పాడించు," అని నీలిమ, కొనడానికొచ్చిన ఆవిడకి మిరపకాయలు తూచసాగింది. తాతబాబు ఆ ఘాటుకి రెండుసార్లు తుమ్మాడు. ఆమె తల ఎత్తలేదు.

"సరే, ఉజ్మానే," అన్నాడు.

గాజువాక మైదానంలో సాయంత్రం ఆరింటికే కుర్చీలు నిండిపోయాయి. నీలిమ మొదటి పాదం పాడింది. ఎవరూ కదల్లేదు. తన మాటల్ని తన మనుషులే వద్దంటే ఇంక పట్టుకెళ్లడానికి వేరే చోటు లేదు. అయినా గొంతు తగ్గించకుండా రెండో పాదం ఎత్తింది.

ముందు వరసలో ఒకామె పకపకా నవ్వి, "మీరేనయ్యా ఆ బావ," అంటూ మొగుడి భుజం మీద ఒక్కటిచ్చింది. ఆ చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. నీలిమ మళ్లీ "సేపలేవి బావా" అనేసరికి ఆడవాళ్లంతా ఆ మాట అందుకున్నారు, "సంద్రమంతా సూపినాడు" అని మగవాళ్లు బదులిచ్చారు. షిఫ్టు దిగి యూనిఫారాలతో వచ్చి వెనక నిలబడ్డవాళ్లు ఈలలేశారు.

తాతబాబు ఆమె చెవి దగ్గరకొచ్చాడు. "రెండో పాటకెల్దామా?"

"ఉండు బాబాయ్. ఇంకా ఇదే అడుగుతన్నారు," అని నీలిమ మైకు మైదానం వైపు తిప్పి పట్టుకుంది.